పిల్లల భరణానికి లెక్క కట్టే కోర్టు.. దుర్గాబాయి దేశ్‌ముఖ్ వేసిన బాట

ఉయ్యూరు అటు బెజవాడకీ ఇటు బందరుకీ మధ్యలో ఉన్న ఊరు. ఆలుమగల తగాదా పెద్దమనుషుల దగ్గర తెగకపోతే ఈ చుట్టుపక్కల ఆడవాళ్లు కాగితాల సంచి పట్టుకుని కోర్టుకి వెళ్లే బస్సు ఎక్కాల్సిందే. విడాకులు ఎప్పుడొస్తాయన్నది తర్వాతి సంగతి. లాయరు ముందు కూర్చోగానే చాలామంది అడిగేది, పిల్లలకి నెలకి ఎంత ఇప్పిస్తారని.

దానికి ఫలానా రేటు అంటూ ఏ చట్టంలోనూ రాసి లేదు. బిడ్డకి ఏం కావాలి, తండ్రికి ఎంత వస్తోంది, తల్లికి ఏమైనా వస్తోందా అని చూసి జడ్జిగారు లెక్క కడతారు. ఆ లెక్క కట్టే పనిని పొలం గట్టు తగాదాలు, అప్పు దావాలు నడిచే కోర్టు హాల్లో కాకుండా వేరే చోట, వేరే పద్ధతిలో చేయాలని మన దేశంలో ముందుగా గట్టిగా అడిగిన మనిషి ఒక తెలుగు ఆడపడుచు. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆస్పత్రులు, బడులు పెట్టిన మనిషిగా ఆమె అందరికీ తెలుసు. ఫ్యామిలీ కోర్టు వెనక ఆమె ఉన్నారన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఎనిమిదేళ్లకే మెడలో తాళి

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఆ రోజుల ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే సుబ్బారావు అనే బంధువుల అబ్బాయికిచ్చి పెళ్లి చేసేశారు. పెళ్లంటే ఏంటో తెలియని వయసు. ఊహ తెలిశాక ఆ అమ్మాయి ఆ కాపురానికి వెళ్లనంది. చదువుకుంటానంది. అప్పట్లో అలా అన్న ఆడపిల్లని ఇంట్లోనే నోరు మూయించేవాళ్లు. కానీ దుర్గాబాయి తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలబడ్డారు. భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు, ఈమె దారి ఈమెది అయింది.

కాపురం వద్దనుకున్న ఆడపిల్ల వీధిన పడకుండా బతకాలంటే రెండే ఆధారాలు. పుట్టింటి అండ, లేదంటే సొంత సంపాదన. దుర్గాబాయికి మొదటిది దొరికింది, రెండోది ఆమె కష్టపడి తెచ్చుకున్నారు. ఈ రెండూ లేనివాళ్ల గతేంటన్న ఆలోచన ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

బుర్ఖా ఆడవాళ్ల కోసం 5 వేలు

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఊళ్లోని దేవదాసీలు, బుర్ఖా వేసుకునే ముస్లిం మహిళలు పెద్ద సభకి రాలేరు కాబట్టి వాళ్ల కోసం గాంధీజీ విడిగా కొద్దిసేపు ఆగాలని ఆ పిల్ల పట్టుపట్టింది. 5 వేల రూపాయలు నిధికిస్తే చూద్దామన్నారు నిర్వాహకులు. అంత డబ్బు ఈ పిల్ల తేలేదులే అనుకుని ఉంటారు. ఆ ఆడవాళ్లే తలా కాస్త వేసుకుని 5 వేలూ పోగు చేశారు. గాంధీజీ వాళ్ల దగ్గర ఆగారు. అనుకున్నదానికన్నా ఎక్కువసేపే మాట్లాడారు. ఆడవాళ్లు ఒంటి మీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చేశారు. ఆ తర్వాత పెద్ద సభలో గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పిల్లే.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది దుర్గ. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి టికెట్ కొన్నాకే దారి ఇచ్చింది. నెహ్రూకి కోపం రాకపోగా ఆ పిల్ల పట్టుదల నచ్చింది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఫ్యామిలీ కోర్టుల సంగతి ఆమె మాట్లాడింది కూడా ఈ నెహ్రూతోనే.

జైల్లో కనిపించిన ఆడవాళ్లు

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయిని అరెస్టు చేశారు. 1933 దాకా మూడుసార్లు జైలుకి వెళ్లారు. వెల్లూరు, మధురై జైళ్లలో ఉన్నారు. మధురైలో ఏడాది పాటు ఒంటరి గదిలో పెట్టారు. ఆ శిక్షకి ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతింది.

జైల్లో ఆమెతో పాటు ఉన్న మామూలు ఖైదీల్లో చదువు రాని ఆడవాళ్లు చాలామంది. తమ మీద ఏం కేసు పెట్టారో, కాగితంలో ఏం రాసుందో, తమ తరఫున ఎవరు మాట్లాడాలో వాళ్లకి తెలీదు. వాళ్లని చూశాకే దుర్గాబాయి లా చదవాలని నిశ్చయించుకున్నారు. లాయరు ఫీజు ఇచ్చుకోలేని ఆడవాళ్ల తరఫున నిలబడాలన్నది ఆమె కోరిక.

కానీ లా కాలేజీ దాకా వెళ్లడానికి ముందు మెట్రిక్ కూడా లేదు. ఇరవై దాటాక పుస్తకం పట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్, ఇంటర్ కట్టి పాసయ్యారు. బీఏ ఆనర్స్ కోసం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఆడపిల్లలకి హాస్టల్ లేదు, సీటు ఇవ్వలేమన్నారు. చదువుకోవాలన్న అమ్మాయిలందర్నీ పోగుచేసి ఆమే ఒక హాస్టల్ నడిపారు. సీటు వచ్చింది. 1942లో మద్రాసులో లా పూర్తి చేసి నల్లకోటు వేసుకున్నారు.

ఈలోపే మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. మొదట్లో అది తెలుగు ఆడపిల్లలకి చదువు చెప్పే చిన్న గుంపు. మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లు, చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు పరీక్షలకి కట్టి ఉద్యోగం తెచ్చుకోవడం దాని లక్ష్యం. ఆ తర్వాత ఆ సభ హైదరాబాద్‌కీ వచ్చి విద్యానగర్ చుట్టుపక్కల ఆస్పత్రి, కాలేజీలు, అక్షరాస్యతా కేంద్రం పెట్టింది.

వంద రూపాయల గిరి

దుర్గాబాయి మద్రాసులో ప్రాక్టీసు చేసే రోజుల్లో, భర్త వదిలేసిన స్త్రీకి, పిల్లలకి త్వరగా తిండి ఖర్చు ఇప్పించే దారి ఒక్కటే ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 488 సెక్షన్. భార్యాబిడ్డల్ని పోషించని మగవాడి మీద మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేస్తే నెలనెలా మనోవర్తి ఇప్పించేవారు. ఏ మతం వాళ్లకైనా అదే సెక్షన్.

కానీ దానికి ఒక గిరి గీశారు. మొదట్లో నెలకి 50 రూపాయలు దాటకూడదు. 1923లో దాన్ని 100 చేశారు. 1955లో 500 అయింది. 1973లో కోడ్ మొత్తం కొత్తగా రాసి ఆ సెక్షన్‌ని 125గా మార్చినా కేంద్ర చట్టంలో 500 అలాగే ఉండిపోయింది. తండ్రి ఎంత సంపాదించినా, బియ్యం ధర ఎంత పెరిగినా మేజిస్ట్రేటు చేతులు అక్కడే కట్టేసి ఉండేవి. 2001 సవరణతో గానీ ఆ గిరి చెరిగిపోలేదు.

ఇంకో చిక్కు, ఒకే ఇంటి గొడవకి మూడు గుమ్మాలు ఎక్కాల్సి రావడం. విడాకులకి ఒక కోర్టు, మనోవర్తికి మేజిస్ట్రేటు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి జిల్లా కోర్టు. ఒకచోట చెప్పిందే ఇంకోచోట మళ్లీ చెప్పాలి. తల్లి వాయిదాల చుట్టూ తిరుగుతుంటే బిడ్డ ఫీజు ఎవరు కట్టాలో తేలేది కాదు. పైగా అక్కడంతా వాది, ప్రతివాది వరస. ఒకళ్లు గెలవాలి, ఒకళ్లు ఓడాలి. మధ్యలో బిడ్డ ఏ పక్షమూ కాదు.

రాజ్యాంగ సభలో

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకి వెళ్లారు. ఆ సభలోని కొద్దిమంది మహిళల్లో ఒకరు. సభని నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. ఎగువ సభకి పోటీ చేసే వయసు 35 నుంచి 30కి తగ్గాలని ఆమె తెచ్చిన సవరణ నెగ్గింది. దేశానికి జాతీయ భాష అంటూ ఉంటే అది హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీయే కావాలని ఆమె వాదించారు. హిందీ నేర్పడానికి చిన్నప్పుడే బడి పెట్టిన మనిషి, ఉర్దూని పక్కన పెట్టి హిందీని రుద్దడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

హిందూ స్త్రీలకి విడాకుల హక్కు, ఆస్తి హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లుకి ఆమె గట్టిగా మద్దతిచ్చారు. ఆ బిల్లు ముక్కలై 1955, 1956లలో నాలుగు చట్టాలుగా వచ్చింది. పిల్లల పోషణ తండ్రికే కాదు తల్లికీ బాధ్యతే అని 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం చెప్పింది. మనోవర్తి మొత్తం తేల్చేటప్పుడు ఏమేం చూడాలో అందులోని 23వ సెక్షన్ వరసగా రాసింది. ఇరుపక్షాల హోదా, అడిగేవాళ్ల న్యాయమైన అవసరాలు, వాళ్లకి ఉన్న ఆస్తి, ఆదాయం. ఈనాటికీ కోర్టులు ఈ చట్రంలోనే ఆలోచిస్తాయి.

చైనా నుంచి తెచ్చిన ఆలోచన

1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. అయినా ప్లానింగ్ కమిషన్‌లో సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ని రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పుట్టింది. దాని మొదటి చైర్‌పర్సన్ దుర్గాబాయే.

ఆ 1953లోనే ఆమె చైనా వెళ్లారు. అక్కడ మూడేళ్ల కిందటే కొత్త పెళ్లి చట్టం వచ్చింది. కుటుంబ తగాదాలని మామూలు దావాల్లా కాకుండా విడిగా, రాజీ మాటలతో పరిష్కరించే కోర్టుల్ని ఆమె దగ్గరగా చూశారు. మన దగ్గరా ఇలాంటివి ఉండాలని తిరిగి రాగానే పని మొదలెట్టారు. బొంబాయి హైకోర్టులో ఉన్న జస్టిస్ ఎం.సి. చాగ్లా, జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్‌లతో మాట్లాడారు. ప్రధాని నెహ్రూతో మాట్లాడారు.

ఆలోచన మంచిదన్నారు గానీ చట్టం వెంటనే రాలేదు. దుర్గాబాయి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సంక్షేమ బోర్డు ద్వారా, బడి మానేసిన ఆడవాళ్లు తక్కువ కాలంలో చదువు పూర్తి చేసుకునే కోర్సులు 1958 నుంచి పెట్టించారు. అదే ఏడాది స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఆమే అధ్యక్షురాలు. భరణం కోసం కోర్టుకెక్కిన స్త్రీ ఏళ్ల తరబడి ఆ డబ్బు మీదే ఆధారపడకూడదన్నదే ఈ కోర్సుల్లో ఉన్న అర్థం.

ఆమె పోయాక వచ్చిన చట్టం

1974లో లా కమిషన్ కుటుంబ తగాదాలకి వేరే పద్ధతి కావాలని సిఫార్సు చేసింది. 1975లో దుర్గాబాయికి పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది 1984లో. ఆమె అడిగిన ముప్ఫై ఏళ్లకి, పోయిన మూడేళ్లకి.

ఆ చట్టం తీసి చూస్తే ఆమె అడిగినవి చాలావరకు కనిపిస్తాయి. విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ అన్నీ ఒకే గుమ్మంలో. జడ్జిగారు ముందు రాజీకి ప్రయత్నించాలి. కౌన్సెలర్లు ఉండాలి. కుటుంబాన్ని నిలబెట్టడం, పిల్లల మేలు చూడటంలో అనుభవం ఉన్నవాళ్లని జడ్జీలుగా వేయాలి, మహిళలకి ప్రాధాన్యం ఇవ్వాలి. సాక్ష్యం విషయంలో మామూలు కోర్టుల బిగింపు ఉండక్కర్లేదు. ఇరుపక్షాల్లో ఏ ఒక్కరు కోరినా తలుపులు మూసి విచారించాలి. 10 లక్షలు దాటిన నగరాల్లో ఈ కోర్టు తప్పనిసరి, మిగతాచోట్ల ప్రభుత్వం అవసరాన్ని బట్టి పెడుతుంది. ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి రాని ఊళ్లలో పాత దారే, మేజిస్ట్రేటు దగ్గర మనోవర్తి, పై కోర్టులో విడాకులు.

మనోవర్తి పిటిషన్ వేయడానికి భర్త ఊరికే పరిగెత్తక్కర్లేదు. తల్లి ఇప్పుడు ఎక్కడ ఉంటోందో ఆ ప్రాంతపు కోర్టులోనే వేయొచ్చు. అత్తారిల్లు గుంటూరు అయినా, పుట్టిల్లు ఉయ్యూరు అయితే ఇక్కడి కోర్టు చాలు.

ఇంతకీ లెక్క ఎలా కడతారు

125 సెక్షన్ ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144 సెక్షన్ వచ్చింది. మాట మారలేదు. పోషించే స్తోమత ఉండీ బిడ్డని పోషించని తండ్రి నెలనెలా ఇవ్వాలి. పెళ్లితో పుట్టిన బిడ్డా, పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డా ఈ సెక్షన్‌కి ఒకటే. 18 ఏళ్లు దాటినా వైకల్యం వల్ల తనని తాను పోషించుకోలేని బిడ్డకీ వర్తిస్తుంది. పెళ్లి కాని హిందూ ఆడపిల్లకి 1956 చట్టం ఆ వయసు దాటాక కూడా దారి ఇస్తుంది.

జీతంలో పాతిక శాతం ఇప్పిస్తారని జనంలో ఒక మాట ఉంది. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్యకి భర్త నికర జీతంలో 25 శాతం న్యాయమే అన్న మాట నిజమే. కానీ అది ప్రతి కేసుకీ పెట్టిన కొలత కాదు, పిల్లల లెక్క అసలే కాదు.

అసలు పద్ధతిని 2020 నవంబర్ 4న రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీల్లో జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి మన తెలుగువారే. ఆ తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెల ఖర్చులు అన్నీ అఫిడవిట్‌లో రాసి దాఖలు చేయాలి. పిల్లల విషయంలో తిండి, బట్టలు, ఇల్లు, వైద్యం, చదువు చూడాలి. ట్యూషన్, కోచింగ్ లాంటివి కూడా లెక్కలోకి వస్తాయి, మితిమీరి ఉండకూడదు. తండ్రి సొంత ఖర్చు, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, తప్పని అప్పులు కూడా చూడాలి. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే. తల్లికి సరిపడా సంపాదన ఉంటే ఇద్దరూ పంచుకోవాలి. డబ్బు లెక్క పిటిషన్ వేసిన తేదీ నుంచి మొదలవుతుంది, తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు.

ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఎలాగో 2000 నాటి పద్మజా శర్మ కేసు చెబుతుంది. తండ్రి జీతం తల్లి జీతానికి దాదాపు రెట్టింపు. సుప్రీంకోర్టు పిల్లల ఖర్చుని తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతు వేసింది. ఈ పద్ధతిని ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. బిడ్డకి తిండి, బట్టలకి 4,000, బడి ఫీజు నెలకి పడేది 2,500, ఆటో, పుస్తకాలు 1,000, మందులు 500, అద్దెలో బిడ్డ వాటా 1,000. మొత్తం 9,000. తండ్రికి 30 వేలు, తల్లికి 15 వేలు వస్తుంటే తండ్రి వాటా 6,000, తల్లి వాటా 3,000. తల్లి వాటా ఆమె ఇంట్లో పెట్టే ఖర్చులోనే పోతుంది, తండ్రి వాటా డబ్బుగా రావాలి. తల్లికి సంపాదన లేకపోతే ఆ 9,000 భారం తండ్రి మీదే ఎక్కువగా పడుతుంది, అతని స్తోమత కూడా చూసి జడ్జిగారు మొత్తం తేలుస్తారు.

జీతం చీటీ లేని చోట

గవర్నమెంటు ఉద్యోగి అయితే లెక్క తేలిక. దిగువ కృష్ణాలో చాలామందికి జీతం చీటీ ఉండదు. ఉయ్యూరు చుట్టూ చెరకు, వరి. 1941 నుంచి ఇక్కడ చక్కెర ఫ్యాక్టరీ ఉంది. బందరులో రోల్డ్‌గోల్డ్ పని, పెడనలో కలంకారీ, దివిసీమలో చేపల వేట, రొయ్యల చెరువులు. కౌలు రైతు ఆదాయం పంటని బట్టి మారుతుంది. కోర్టు నోటీసు అందగానే కొంతమంది మగవాళ్లకి ఉన్నట్టుండి సంపాదన ఉండదు. పొలం తమ్ముడి పేరు మీద, బండి బావమరిది పేరు మీద కనిపిస్తుంది.

ఇలాంటి చోట కోర్టు చేతిలో ఉన్నది అంచనా. ఫ్యాక్టరీకి చెరకు తోలితే బిల్లు బ్యాంకులో పడుతుంది. ధాన్యం అమ్మితే డబ్బు ఖాతాలోకి వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌లో పంపుకున్న డబ్బు, లోన్ కోసం బ్యాంకులో తనే రాసిచ్చిన ఆదాయం, బండి కాగితం, పాస్‌బుక్, గల్ఫ్ నుంచి ఇంటికి పంపిన సొమ్ము... ఇవన్నీ కోర్టు ముందు పెట్టొచ్చు. అబద్ధపు అఫిడవిట్ వేస్తే చర్యలు ఉంటాయి. పని దొరకడం లేదని చెబితే సరిపోదని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. ఒంట్లో శక్తి ఉన్న మగవాడు కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందే అంది. అదే సమయంలో, లేని ఆదాయాన్ని కొండంత చూపించి అడిగితే అదీ నిలవదు. అందుకే తల్లి కూడా ఫీజు రసీదులు, మందుల బిల్లులు, అద్దె కాగితం దాచుకోవాలి.

కేసు తేలేలోపు మధ్యంతర భరణం అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లోపు వీలైనంతవరకు దాన్ని తేల్చాలని చట్టం అంటోంది. ఇవ్వకపోతే వారంటు వేసి వసూలు చేస్తారు. అయినా కట్టకపోతే బాకీ పడ్డ ఒక్కో నెలకి ఒక నెల దాకా జైలు. బాకీ వసూలుకి ఏడాదిలోపే పిటిషన్ వేయాలి, ఊరుకుంటే పాత నెలలు ఆ దారిలో చేజారతాయి. ఫీజులు పెరిగినా, తండ్రి ఉద్యోగం పోయినా మొత్తాన్ని మార్చమని ఎవరైనా అడగొచ్చు.

ముస్లిం పిల్లల సంగతి

షా బానో కేసు తర్వాత 1986లో వచ్చిన చట్టంలో బిడ్డ పుట్టిన రెండేళ్ల దాకా తండ్రి ఖర్చు ఇవ్వాలని ఒక మాట ఉంది. దాన్ని పట్టుకుని, రెండేళ్లు దాటిన పిల్లలకి తండ్రి బాధ్యత లేదన్న వాదన బయల్దేరింది. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రెండేళ్ల డబ్బు బిడ్డని సాకుతున్న తల్లికి అదనంగా ఇచ్చేది, బిడ్డ సొంత హక్కు వేరు అని చెప్పింది. కొడుకులకి మేజర్ అయ్యే దాకా లేదా సంపాదించుకునే దాకా, కూతుళ్లకి పెళ్లయ్యే దాకా పోషణ తండ్రిదే. పిల్లల నఫఖా తండ్రి మీద ఉందన్నది ఇస్లామిక్ న్యాయంలోనూ ఉన్నదేనని అదే తీర్పు గుర్తుచేసింది.

విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125 కింద అడగొచ్చని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే. ఫ్యామిలీ కోర్టు నెలకి 20 వేలు మధ్యంతర భరణం వేస్తే హైకోర్టు 10 వేలు చేసింది. అది కూడా ఇవ్వనని భర్త ఢిల్లీ దాకా వెళ్లి ఓడిపోయాడు. కాకినాడలో బుర్ఖా ఆడవాళ్లకి, దేవదాసీలకి ఒకే చోట సభ పెట్టించిన దుర్గాబాయి అడిగిన కోర్టు కూడా అన్ని మతాల వాళ్లదీ.

రాజీ కాగితంలో బిడ్డ ఎక్కడ

మన ఊళ్లలో చాలా గొడవలు కోర్టు దాకా రాకుండానే ఒక మొత్తం మాట్లాడుకుని తెగిపోతాయి. సామాను వెనక్కి, బంగారం వెనక్కి, ఇంత డబ్బు అని తెల్లకాగితం మీద రాసేసుకుంటారు. ఆ కాగితంలో బిడ్డ పేరు ఉండదు. ఇచ్చిన డబ్బు తల్లి అప్పులకి, పుట్టింటి అవసరాలకి పోతుంది. రెండేళ్లకి పిల్లాడి ఫీజు కట్టాల్సి వస్తే తండ్రి అంతా అప్పుడే ఇచ్చేశానంటాడు.

చట్టం దృష్టిలో ఆ మాట చెల్లదు. భరణం బిడ్డ హక్కు. తల్లి తనకేమీ వద్దని సంతకం పెట్టినా బిడ్డ తరఫున ఆ హక్కుని వదిలేసే అధికారం ఆమెకి లేదు. అందుకే రాజీ చేసుకున్నా తల్లికి ఎంత, బిడ్డకి ఎంత అని విడివిడిగా రాసుకోవాలి. బిడ్డ డబ్బు బిడ్డ పేరున బ్యాంకులో వేయించుకోవడం ఇంకా మంచిది. ఏడాదికి ఇంత పెరగాలన్నది కూడా అందులోనే పెట్టించుకోవచ్చు.

ఫ్యామిలీ కోర్టులు వచ్చాక కూడా వాయిదాలు తగ్గలేదు. లాయర్లు హక్కుగా రాకూడదన్న చట్టం ఉన్నా వాళ్లు లేకుండా నడిచే కేసులు తక్కువ. 60 రోజుల మాట చాలాచోట్ల కాగితం మీదే ఉంది. దుర్గాబాయి అడిగినదాంట్లో గుమ్మం ఒకటైంది గానీ వేగం ఇంకా రాలేదు.

జైల్లో ఆడవాళ్లని చూసి ఆమె కోరుకున్న ఉచిత న్యాయ సాయం మాత్రం ఇప్పుడు చట్టంలో ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఇందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోనో, మండల కమిటీలోనో ఒక అర్జీ ఇస్తే చాలు. భరణం ఉత్తర్వు కాపీ కూడా ఉచితమే. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషన్‌కి, హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రికి దుర్గాబాయి పేరు ఉంది. ఏ కోర్టు గుమ్మం మీదా ఆమె పేరు లేకపోయినా, ఫీజు రసీదులు సంచిలో పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కే ప్రతి తల్లీ ఆమె వేసిన బాటలోనే నడుస్తోంది.